పారేసిన మూడు సంచులు

విశ్వవిద్యాలయం వెనక గేటు దాటగానే ఎదురుగా జిరాక్సు షాపులు వరసగా ఉంటాయి. ఆ వరస చివర, మెట్ల కింద సందులాంటి గదిలో ఒక బైండింగు దుకాణం ఉంది. పరిశోధన చేసే పిల్లలు తమ థీసిస్సులూ, లైబ్రరీ వాళ్ళు అట్టలూడిన పుస్తకాలూ అక్కడికే తెస్తారు. ఆ దుకాణదారుణ్ణి ఎదురుగా బైండరు గారనీ, వెనకాల బీరువా అనీ పిలిచేవారు. గుమ్మంలో ఆయన నిలబడితే గదిలోకి వెలుతురు రాదు మరి. ఒకసారి ఒక విద్యార్థి ఫోన్‌లో "బీరువా దగ్గరే ఉన్నాను, వచ్చెయ్" అంటుంటే ఆయన విని, "ఏ బీరువా అంటారు, ఇనపదని చెప్పు బాబూ" అన్నాడు తాపీగా. ఆ అబ్బాయి తలెత్తలేకపోయాడు. తన మీద తనే ముందుగా జోకు వేసుకుంటే ఎదుటివాళ్ళకి ఆ శ్రమ తప్పుతుందని ఆయన బడిలో ఉన్నప్పుడే కనిపెట్టాడు.

ఊళ్ళో ఒక్క చోట మాత్రం ఆయనకి వేరే పేరుండేది. పెద్దాసుపత్రి ఆవరణలో, మందుల కొట్టు పక్కనున్న బ్లడ్‌బ్యాంకులో ఆయన నెగటివ్ అన్నయ్య. ఆయన రక్తం ఓ నెగటివ్. ఏ గ్రూపు వాళ్ళకైనా ఎక్కించగలిగే రక్తం, వందమందిలో ఏ ఇద్దరికో ఉండేది. అక్కడి సిస్టరు, నుదుటి మీద ఎప్పుడూ కళ్ళజోడు ఉండే ఆవిడ, ఆయన రాగానే "పేరుకే నెగటివ్, మా అన్నయ్యని ఏదడిగినా కాదనడు" అంటూ లేచి నిలబడేది. ఆయన కోసం కిటికీ పక్కన వెడల్పాటి బల్ల ఒకటి వేయించింది కూడా.

మొదటిసారి రక్తం ఇచ్చినప్పుడు ఆయనకి ఇరవై ఒకటో ఏడు. అక్కకి కాన్పు కష్టమైంది. రక్తం ఆగలేదు. బావ ఊరంతా తిరిగి, ఎక్కడా దొరక్క, ముఖాన నెత్తురు చుక్క లేకుండా వచ్చి వరండాలో కూలబడ్డాడు. తమ్ముడిదీ అదే గ్రూపని అప్పుడే తెలిసింది. అప్పటికే తొంభై అయిదు కిలోలుండేవాడు. డాక్టరు ఆయన్ని ఎగాదిగా చూసి, "పుష్టిగా ఉన్నాడు, వెంటనే పడుకోబెట్టండి" అన్నాడు. తన ఒంటిని చూసి ఒకరు సంతోషించటం ఆయన ఎరిగినంతలో అదే మొదలు. అక్క బతికింది. మేనకోడలు బతికింది. అది మొదలు ఇరవై ఎనిమిదేళ్ళలో యాభై మూడు సార్లు ఇచ్చాడు.

బస్సులో వెళుతున్నప్పుడు ఆయనకి ఒక సరదా ఉండేది. ఎదురు సీట్లో కూచున్న ముసలాయన్నో, బడిసంచి తగిలించుకున్న పిల్లనో చూసి, వీళ్ళలో నాది ఎవరికి ఎక్కించారో అనుకునేవాడు. ఎవరైనా తన పక్క సీటు ఖాళీగా ఉన్నా కూచోకుండా నిలబడితే, పోనీలే, నువ్వూ నాకు చుట్టానివేనేమో అనుకునేవాడు. ఆ ఊహ ఆయన భార్యకి కూడా తెలీదు.

ఒళ్ళు ఒక్కరోజులో రాలేదు. పొద్దున ఎనిమిదింటికి స్టూలు మీద కూచుంటే సాయంత్రం ఏడింటికి లేవటం. బల్లకి అటు భార్య కూచుని కాగితాలు మడిచి, సూదీ దారంతో కుట్టేది. ఇటు ఆయన జిగురు రాసి, అట్ట వేసి, ప్రెస్సులో బిగించి, అంచులు కోసేవాడు. కావలసినవన్నీ చేతికందేట్టు అమర్చుకున్నాడు. మూడు చెంచాల చక్కెరతో టీ ఎనిమిది సార్లు వచ్చేది. మధ్యాహ్నం ఎండగా ఉంటే కూల్‌డ్రింకు, ఎండ లేకపోయినా కూల్‌డ్రింకు. నలభై తొమ్మిదో ఏటికి నూట నలభై ఆరు కిలోలయ్యాడు. చెప్పుల పట్టీ పెట్టుకోవటానికి గోడ ఆసరా కావాలి. మంచం మీద ఒత్తిగిలాలంటే ముందు ఊపిరి తీసుకోవాలి. డాక్టర్ల దగ్గరికి వెళ్ళటం ఎప్పుడో మానేశాడు. దగ్గుకి వెళ్ళినా బరువు తగ్గమన్నారు, చెవిపోటుకి వెళ్ళినా బరువు తగ్గమన్నారు. చెవికీ పొట్టకీ ఏం సంబంధమో ఆయనకి అంతుపట్టలేదు. బ్లడ్‌బ్యాంకులో బీపీ బాగుందనేవారు, హిమోగ్లోబిన్ బాగుందనేవారు. రక్తం బాగుంటే మనిషి బాగున్నట్టేగా అని నిశ్చింతగా ఉండేవాడు.

యాభై మూడోసారి ఇచ్చిన మూడో రోజున సిస్టరు ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఒకసారి వచ్చి వెళతారా" అంది.

ఎవరికో అవసరం పడిందనుకున్నాడు. మొన్ననే ఇచ్చాను కదా, తీసుకోరేమో అనుకుంటూనే దుకాణం భార్యకి అప్పజెప్పి బస్సెక్కాడు. వెళుతూనే చొక్కా చెయ్యి మడిచాడు.

సిస్టరు ఆయన్ని బల్ల దగ్గరికి తీసుకెళ్ళలేదు. లోపల గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. గాజు తలుపున్న ఫ్రిజ్‌లోంచి రెండు సంచులు తీసి తెల్లటి దీపం ముందు వేలాడదీసింది. రెండింట్లోనూ ఎర్రకణాలు అడుక్కి దిగి, పైన నీళ్ళ భాగం తేరుకుని ఉంది. మొదటి సంచిలో ఆ నీరు పలచటి తేనె రంగులో, అవతలి గోడ కనిపించేంత స్వచ్ఛంగా ఉంది. రెండోదాంట్లో చిక్కటి పాలు పోసినట్టు తెల్లగా ఉంది.

"ఇదేమిటమ్మా, ఎవరో పాపం రోగిష్ఠివాళ్ళదా?" అన్నాడాయన.

సిస్టరు కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి దించుకుంది, మళ్ళీ పైకి పెట్టుకుంది. "మీదే అన్నయ్యా."

ఆయన ఆ సంచి దగ్గరికి వంగి చూశాడు.

"అది కొవ్వు. తినగానే వచ్చి ఇస్తే కొంచెం మబ్బుగా ఉండటం మామూలే. ఇంత ఉండదు. ఇలా ఉంటే మా పరీక్షలు సరిగ్గా తేలవు, ఎర్రకణాలు కూడా నిలవుండవు. రోగికి ఎక్కించలేం."

"అంటే ఈసారిది పనికిరాదంటావు."

ఆవిడ సంచులు తిరిగి ఫ్రిజ్‌లో పెట్టింది. "అంతకు ముందు రెండుసార్లూ ఇంతే. మీరంత దూరం నుంచి వచ్చి ఇస్తుంటే చెప్పటానికి నాకు నోరు రాలేదు. తప్పు నాదే."

"ఆ సంచులేం చేశారు?"

"పారేశామన్నయ్యా."

ఆయన మడిచిన చొక్కా చేతిని మెల్లగా కిందికి దించి గుండీ పెట్టుకున్నాడు. సిస్టరు ఒక చీటీ మీద ఏదో రాసి ఆయన జేబులో పెట్టింది. అదే ఆసుపత్రిలో భారీకాయులకి గురువారం గురువారం ఒక క్లినిక్ నడుస్తుందనీ, అక్కడి డాక్టరమ్మ మంచిదనీ, తను ముందే మాట్లాడి ఉంచాననీ చెప్పింది. ఆయనకి సగమే వినపడింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఎవరి వంకా చూడలేదు. దిగాల్సిన స్టాపు కూడా దాటిపోయింది.

మూడు రోజులు భార్యకి చెప్పలేదు. నాలుగో రోజు ఆవిడే పట్టుకుంది. "కూల్‌డ్రింకు తెచ్చి గంటైంది. మూతైనా తియ్యలేదు. ఏమైంది మీకు?" అంది, సూది ఆపి.

చెప్పాడు. చెబుతున్నంత సేపూ అట్ట మీద జిగురు రాస్తూనే ఉన్నాడు. ఆ అట్టకి అవసరమైన దానికంటే నాలుగింతలు జిగురు పట్టింది.

భార్య గడ్డిపోచలా ఉండే మనిషి. ఏం తిన్నా ఒంటికి పట్టదని చుట్టాలు నవ్వేవాళ్ళు. ఆవిడ ముఖం చిన్నబుచ్చుకుని, "అయితే ఇన్నేళ్ళుగా నేను మీకు విషం వండిపెట్టానన్నమాట" అంది.

"వండిన చెయ్యి నీదే కాని, నోరు నాది కదా. నిన్నెవరన్నారు?"

"ఎవరూ అనక్కర్లేదు. రేపు గురువారం. నేనూ వస్తాను."

ఆ క్లినిక్‌లో ఆయనకి మొదట నచ్చింది కుర్చీలు. చేతుల్లేని వెడల్పాటి బెంచీలవి. ఎక్కడికెళ్ళినా కూచునే ముందు కుర్చీ వెడల్పు కళ్ళతో కొలుచుకునే మనిషి, ఆ పూట కొలవకుండా కూచున్నాడు. చుట్టూ తనలాంటివాళ్ళే. ఎవరూ ఎవర్నీ చూసి ముఖం తిప్పుకోలేదు.

డాక్టరమ్మ మేనకోడలి కంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో, మాట గబగబా. ఎనిమిది గొట్టాల నిండా రక్తం తీయించింది. వారం తరవాత కాగితం ముందు పెట్టుకుని ఒక్కో అంకె కింద గీత గీస్తూ చెప్పింది. రక్తంలో కొవ్వు నూట యాభై లోపు ఉండాలి, ఆయనకి తొమ్మిది వందల నలభై. కాలేయం లోపల కొవ్వు పేరుకుని దాని ఎంజైములు రెండింతలకి పైగా ఉన్నాయి. మూడు నెలల సరాసరి షుగరు సరిహద్దు గీత మీద నిలబడి ఉంది. ఒంట్లో ఎక్కడో మంట రగులుతుంటే రక్తంలో పెరిగే అంకె ఒకటుంది, అదీ చాలా ఎక్కువే.

"మంటా? నాకు జ్వరం కూడా లేదే" అన్నాడాయన.

"పొయ్యి మీద మంట కాదండీ, బూడిద కింద నిప్పులాంటిది. పేరుకున్న కొవ్వు ఊరికే కూచోదు. ఏళ్ళ తరబడి రక్తంలోకి ఏదో ఒకటి వదులుతూనే ఉంటుంది."

"ఎంత తగ్గాలమ్మా? సగమా?"

"సగం సంగతి నేనెత్తలేదు. ఇందులో పదో వంతు తగ్గండి చాలు, మీ రక్తం నేనే గుర్తుపట్టలేనట్టు మారుతుంది. ఆపరేషన్లున్నాయి, మందులున్నాయి. అవసరమైతే అవీ చూద్దాం, అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. ముందు తిండీ నడకా సరిచేద్దాం. మూడు నెలల్లో ఈ తొమ్మిది వందలు దిగకపోతే మాత్రం మందు రాస్తాను. ఇంత కొవ్వుతో ఒక్కోసారి కడుపులో క్లోమానికే ముప్పొస్తుంది."

పక్క గదిలో ఆహారం సంగతి చూసే ఆవిడ, వారం పాటు నోట్లోకి వెళ్ళినవన్నీ రాసుకు రమ్మంది. ఆయన మిగిలిన కాగితాలతో ఒక చిన్న పుస్తకం కుట్టుకుని, రెగ్జిన్ అట్ట వేసి మరీ రాశాడు. అది చూసి ఆవిడ ముందు బైండింగు మెచ్చుకుంది. తరవాత లెక్క కట్టి, టీల్లోనూ సీసాల్లోనూ కలిపి ఆయన రోజుకి నలభై అయిదు చెంచాల చక్కెర తాగుతున్నాడని తేల్చింది.

"తాగేది కూడా తిండి కిందికి వస్తుందా?" అన్నాడు. ఆయన నిజంగానే అడిగాడు.

ఆ రోజు నుంచి సీసాలు బందయ్యాయి. టీ మూడు సార్లకి దిగింది, అదీ చక్కెర లేకుండా. మొదటివారం ఆ టీ తాగుతుంటే ఎవరో తిడుతున్నట్టు ఉండేది. కంచంలో అన్నం తగ్గి, కూరలూ పప్పూ గుడ్లూ పెరిగాయి. వేపుళ్ళు ఆదివారానికి పరిమితమయ్యాయి. భార్య కూడా అదే తినటం మొదలుపెట్టింది. రెండు రకాలు వండే ఓపిక తనకి లేదంది.

నడక మొదటిరోజు మూడో కరెంటు స్తంభం దాకా సాగింది. అక్కడ ఒక షాపు అరుగు మీద కూలబడి, గుండె చెవుల్లో కొట్టుకుంటుంటే, "నన్నిక్కడే వదిలేసి నువ్వెళ్ళు, సాయంత్రం బండి కట్టించుకొస్తా" అన్నాడు. భార్య నవ్వలేదు. పక్కన కూచుని ఆయన ఊపిరి కుదుటపడేదాకా రోడ్డు చూస్తూ ఉంది. వారానికి ఒక స్తంభం చొప్పున పెరిగింది. దుకాణంలో కోత మిషను ఎదుటి గోడ దగ్గరికి జరిపించాడు. అంచు కొయ్యాలంటే లేచి ఆరడుగులు వెయ్యక తప్పదు. తయారైన థీసిస్సులు పిల్లలు వచ్చి తీసుకెళ్ళే వాడుక మానిపించి, తనే చంకన పెట్టుకుని డిపార్ట్‌మెంట్లకి వెళ్ళి ఇవ్వసాగాడు. బీరువా నడుస్తోందన్న వార్త క్యాంపస్ అంతా పాకింది.

మూడు నెలలకి తొమ్మిది కిలోలు తగ్గాడు. నూట నలభై ఆరులో తొమ్మిది పోతే అద్దానికేం తెలుస్తుంది? అవే చొక్కాలు, అవే గుండీలు. బస్సులో అవే చూపులు. ఇంత చేస్తే ఇంతేనా అని ముఖం వేలాడేసుకుని క్లినిక్‌కి వెళ్ళాడు.

డాక్టరమ్మ కాగితం ఆయన వైపు తిప్పింది. తొమ్మిది వందల నలభై ఉన్న చోట మూడు వందల ఎనభై ఉంది. కాలేయం అంకెలు దాదాపు మూడో వంతు తగ్గాయి. షుగరు గీత నుంచి ఒక మెట్టు వెనక్కి దిగింది.

"ఇది నాదేనా అమ్మా? కాగితాలేమైనా తారుమారయ్యాయేమో."

"మీదే. ఒళ్ళు బయటికి కనపడేట్టు కరగటానికి టైము పడుతుంది. కాలేయంలో పేరుకున్నది ముందు కదులుతుంది. మీరు అద్దంలో వెతికారు, అది ఇక్కడ కనపడింది."

"మరి ఇదేమిటి, దీని కింద ఎర్ర గీత ఉంది?"

"అది మంచి కొవ్వు. పెరగాలి, మీకు రెండు తగ్గింది. బరువు దిగుతున్న రోజుల్లో ఒక్కోసారి అదీ దిగుతుంది. బరువు నిలబడ్డాక మళ్ళీ లేస్తుంది. కంగారు పడకండి."

ఆయన కంగారు పడలేదు. ఆశ పడ్డాడు. దానివల్ల వచ్చింది తంటా. తొమ్మిది కిలోలకే ఇంతైతే, ఇంకో ఇరవై దిగ్గొడితే సిస్టరమ్మ ముందు మళ్ళీ చెయ్యి చాపచ్చు కదా అనిపించింది. ఆరో నెల పరీక్షకి పన్నెండు రోజులుండగా తిండి దాదాపు మానేశాడు. పొద్దున గ్లాసుడు మజ్జిగ, సాయంత్రం ఒక పండు. మధ్యాహ్నం లైబ్రరీ క్యాంటీన్‌లో తిన్నానని భార్యకి అబద్ధం చెప్పి, ఆ సమయమంతా పుస్తకాల షెల్ఫుల మధ్య నడుస్తూ గడిపాడు. కళ్ళు తిరిగితే షెల్ఫు పట్టుకునేవాడు.

పదకొండో రోజు పొద్దున మంచం దిగబోతే కుడికాలి బొటనవేలు నేలకి ఆనలేదు. వేలు టమాటాలా ఎర్రగా వాచిపోయి ఉంది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయేట్టుంది. ఆ రోజే అక్క, మేనకోడలు చూడటానికి వచ్చారు. అక్క చేతిలో ఎప్పటిలాగే స్వీట్ల డబ్బా ఉంది. నూట ఇరవై ఎనిమిది కిలోల తమ్ముణ్ణి చూసి ఆవిడ గుమ్మంలోనే కంటతడి పెట్టుకుంది.

"ఎంత చిక్కిపోయావురా. ఎముకలు తేలిపోయాయి" అంది.

మావయ్య నొప్పి చూస్తూ కూడా మేనకోడలికి నవ్వాగలేదు. "ఎక్కడమ్మా తేలాయి? మావయ్యా, ఒకటి చూపించు" అంది.

అక్క డబ్బా మూత తీసి ఒక స్వీటు ఆయన నోటి దాకా తెచ్చింది. ఆయన ఆ చెయ్యి తోసేశాడు. జన్మలో అక్క మీద గొంతెత్తని మనిషి, "నీకు దణ్ణం పెడతాను, తీసుకుపో దాన్ని. నన్ను చంపుతావా" అని అరిచాడు.

అక్క డబ్బా మూత పెట్టి, మంచం చివర కూచుని మెల్లగా అంది. "నీ రక్తంతో లేచి కూచున్నదాన్నిరా నేను. నువ్వు తినకపోతే నా కడుపు నిండదు. నాకు తెలిసిన దారి అదొక్కటే."

అప్పుడు చెప్పాడు ఆవిడకి. మూడు సంచుల సంగతి, పాలరంగు సంగతి, వాటిని పారేసిన సంగతి. తన వల్ల ఎవరో ముగ్గురు రక్తం అందక పోయి ఉంటారేమోనని తనకి నిద్ర పట్టటం లేదన్న సంగతి. అక్క అంతా విని, "ఆ మూడే గుర్తున్నాయా నీకు? మిగతా యాభై ఏమయ్యాయి?" అంది. మేనకోడలి భుజం పట్టుకుని ముందుకి జరిపింది. "ఒకటి ఇదిగో. కాలు నొక్కమంటావా, నీళ్ళిమ్మంటావా అని అడుగుతూ నీ ఎదురుగా నిలబడింది."

ఆయన ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. భార్య వచ్చి దిండు సరిచేసింది. క్యాంటీన్ అబద్ధం అప్పటికే ఆవిడకి తెలిసిపోయింది, ఆ పూటకి ఏమీ అనలేదు. తరవాత మాత్రం రెండు రోజులు వదల్లేదు.

డాక్టరమ్మ ఆ వేలినీ, పరీక్ష కాగితాన్నీ చూడగానే అడిగింది. "ఎన్ని రోజులు పస్తున్నారు?"

"పస్తేం లేదమ్మా."

"మీ రక్తం వేరేలా చెబుతోంది. యూరిక్ ఆమ్లం ఇంత పెరిగిందంటే ఒళ్ళు ఒక్కసారిగా కరిగించారన్నమాట. అది కీలులో చేరి ముళ్ళలా గుచ్చుకుంటోంది. నాకు మంచి రిపోర్టు చూపించాలని చేశారా?"

ఆయన బడిపిల్లాడిలా తల దించుకున్నాడు. "మా పనిలో అంచు ఒక్క కోతలోనే తెగాలమ్మా. రెండుసార్లు కత్తి పెడితే మెట్లు మెట్లుగా వస్తుంది. అదే అలవాటు."

ఆవిడ కలం కింద పెట్టింది. "నాకు మెట్లే కావాలి. మీరు నా దగ్గర పరీక్ష పాసవ్వక్కర్లేదు. వంద రోజులు ఎలా తిన్నారో చెప్పే అంకె ఒకటి నా దగ్గరుంది, పది రోజుల పస్తుతో దాన్ని బోల్తా కొట్టించలేరు. తినండి. ఇంటికెళ్ళి ముందు భోజనం చెయ్యండి."

వేలు మామూలవటానికి పదిహేను రోజులు పట్టింది. ఆ పదిహేను రోజుల్లో రెండు కిలోలు తిరిగొచ్చాయి. ఆయన వాటి గురించి ఎవరికీ చెప్పకుండా నడక మళ్ళీ మొదటి స్తంభం నుంచి మొదలుపెట్టాడు. ఈసారి తొందరపడలేదు. అక్క కూడా మారింది. వచ్చేటప్పుడు స్వీట్లకి బదులు పళ్ళు తెచ్చేది. అయితే తమ్ముడి కడుపు గురించి ఆవిడ అంచనా మారలేదు, పళ్ళు బుట్టల కొద్దీ తెచ్చేది. వాటిని జిరాక్సు షాపులన్నిటికీ పంచేవాళ్ళు.

ఏడాది నిండేసరికి నూట ఇరవై ఒకటి. ఇప్పటికీ బీరువానే, కాకపోతే రెండు తలుపులదేనని ఆయనే చెప్పుకునేవాడు. చెప్పులు నిలబడే తొడుక్కునేవాడు. కొవ్వు నూట తొంభైకి వచ్చింది. కాలేయం అంకెలు గీత లోపలికి వచ్చాయి. మంట అంకె సగమైంది, పూర్తిగా పోలేదు. తగ్గిన మంచి కొవ్వు తిరిగి లేచి, పాత చోటు దాటి నాలుగు మెట్లు పైకి వెళ్ళింది.

ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఆయన దుకాణం నుంచి బ్లడ్‌బ్యాంకుకి నడిచే వెళ్ళాడు. సిస్టరు కాగితం చూసినా నమ్మలేదు. ముందు చిన్న గొట్టంలో కాస్త తీసి మిషనులో తిప్పించి, దీపం ముందు పట్టుకుంది. ఆ తరవాతే కిటికీ పక్క బల్ల మీద పడుకోబెట్టింది. మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేసి, "పొద్దున్నే వాడేశామన్నయ్యా. ఎవరికో అడక్కండి, చెప్పకూడదు. చిన్న మనిషికి" అంది.

ఫోన్ పెట్టేసి ఆ మాట భార్యకి చెప్పాడు. ఆవిడ కుట్టుపని మీంచి తలెత్తకుండానే, "సంతోషం. ఆ దారపుండ ఇటివ్వండి" అంది. చేతికిస్తుంటే చూశాడు, ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి.

ఆ తరవాతి వానాకాలం రోడ్డు మీద కాలు పెట్టనివ్వలేదు. నాలుగు కిలోలు వెనక్కి వచ్చాయి, కొవ్వు రెండు వందల ఇరవైకి ఎక్కింది. షుగరు మాత్రం ఉన్నచోటే ఉంది. డాక్టరమ్మ పెద్దగా పట్టించుకోలేదు. వాన లేనప్పుడు నడవమంది, ఉన్నప్పుడు యూనివర్సిటీ మెట్లెక్కమంది. లేచి వెళ్ళబోతుంటే మాత్రం భార్య వైపు చూసి, "ఏడాదిన్నరగా ఆయన్ని తీసుకొస్తున్నారు. మీరు ఎప్పుడైనా పరీక్షకి ఇచ్చారా రక్తం?" అంది.

"నాకెందుకమ్మా? గాలొస్తే ఎగిరిపోయేదాన్ని."

"అయినా ఇవ్వండి. చుక్కే కదా."

వారం తరవాత వచ్చిన కాగితం ఆయన చూసి, తన పేరు కోసం వెతికాడు. అంకెలు అలా ఉన్నాయి మరి. మూడు నెలల సరాసరి షుగరు ఆయనకి మొదటి రోజు ఉన్నదానికంటే ఎక్కువుంది. గీత దాటి లోపలికి వెళ్ళిపోయింది. నలభై నాలుగు కిలోల మనిషికి.

"బరువుంటేనే వస్తుందనేం లేదు. వాళ్ళమ్మకో నాన్నకో ఉండి ఉంటుంది. మీరిద్దరూ కలిసి తిండి మార్చారు కాబట్టి ఇక్కడన్నా ఆగింది, లేకపోతే ఇంకా ఎక్కువుండేది" అని డాక్టరమ్మ మందు రాసిచ్చింది.

ఆవిడ దుకాణానికి వచ్చి, ఎప్పటి చోట కూచుని, సూదికి దారం ఎక్కించింది. కుట్టలేదు. ఒక విద్యార్థిని థీసిస్ కోసం స్టూలు మీద కూచుని ఎదురుచూస్తోంది. సాయంత్రం అయిదింటి లోపల సమర్పించాలి.

"నేనేం తప్పు చేశానండీ?" అంది భార్య చివరికి. "ఎవరికంటే ఎక్కువ తిన్నాను?"

"నువ్వేం తప్పు చెయ్యలేదు."

"మరి ఇంత సిగ్గుగా ఎందుకుంది?"

ఆయనకి జోకు ఏదీ తట్టలేదు. ఊరికే ఆవిడ ముందు కూచున్నాడు.

"మీకు ఆ సంచి చూపించిన రోజు ఎలా అనిపించింది? మూడు రోజులు నాకు చెప్పకుండా ఎలా ఉన్నారు?" అంది ఆవిడ.

అంకెలు అడిగినవాళ్ళున్నారు, కిలోలు అడిగినవాళ్ళున్నారు. ఈ మాట ఇంతవరకూ ఆయన్ని ఎవరూ అడగలేదు. జిగురు కుంచె డబ్బాలో పెట్టి, చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. బస్సు సంగతి మొదలుపెట్టాడు. పక్క సీట్లో కూచోని మనుషుల సంగతి, వాళ్ళని చూసి తను అనుకునే మాటల సంగతి, ఆ రోజు తిరిగి వస్తూ ఎవరి వంకా చూడలేక స్టాపు దాటిపోయి ఎక్కడో దిగి ఒక గోడ పక్కన నిలబడ్డ సంగతి. ఆవిడ సూది పక్కన పెట్టి వింటోంది. స్టూలు మీది అమ్మాయి రెండుసార్లు గడియారం చూసుకుంది, మూడోసారి చూసుకోలేదు. థీసిస్ ఆమె చేతికి ఆరున్నరకి అందింది. ఆలస్యానికి కారణం తనే చెబుతానని ఆయన ఆ అమ్మాయి వెంట యూనివర్సిటీ ఆఫీసు దాకా నడిచి వెళ్ళాడు.